తీగ లోపలి కుచ్చిళ్ళు

చెన్నైలో తెలుగువాళ్ళం కొందరం కలిసిన ఒక ఆదివారం సాయంత్రం చేసిన ప్రసంగం ఇది. మాట్లాడినదాన్ని దాదాపు అలాగే రాతలో పెట్టాను.

అందరికీ నమస్కారం. కాఫీ గ్లాసులు ఇంకా మీ చేతుల్లోనే ఉన్నాయి. కాబట్టి ఉపన్యాసం కాసేపు ఆగనిచ్చి, ముందు ఒక పని చేద్దాం.

ఇదిగో, ఈ తీగ చూడండి. జానెడు పొడవు, చీపురుపుల్లంత లావు. మొదటి వరసలో కూర్చున్న పాపా, ఇలా రామ్మా. దీన్ని నీ ఇష్టం వచ్చినట్టు వంచు. వేలికి చుట్టు. భయపడకు, విరగదు. చూశారుగా, జిలేబీ చుట్టినట్టు చుట్టేసింది. చెయ్యి తీసేసినా స్ప్రింగులా వెనక్కి రాలేదు, వంచింది వంచినట్టే ఉంది. ఇప్పుడు ఈ ఫ్లాస్కులోని వేడినీళ్ళు గాజు గ్లాసులో పోస్తున్నాను. తీగ అందులో వెయ్యమ్మా.

అదిగో! రెప్పపాటులో పుల్లలా నిలబడింది. పాప చేతిలో పడిన ఒంపు ఒక్కటీ మిగల్లేదు.

ఇది నికెల్, టైటానియం సుమారు చెరి సగం కలిపిన మిశ్రలోహం. పేరు నిటినాల్. అమెరికాలో మేరీల్యాండ్‌లోని నేవల్ ఆర్డ్‌నెన్స్ లాబొరేటరీలో పుట్టింది, అందుకే నికెల్, టైటానియం, ఆ ల్యాబ్ పేరు, మూడింటి మొదటి అక్షరాలూ అందులో ఉన్నాయి. దాని మీద పనిచేసిన విలియం బ్యూలర్‌కి ముందు కనిపించింది కాదు, వినిపించింది. 1959లో కొలిమి నుంచి తీసిన కడ్డీలను నేల మీద వేసి చూస్తే, చల్లారిన కడ్డీ సీసపు ముద్దలా 'దబ్' మంది, వేడిగా ఉన్న కడ్డీ గుడిగంటలా ఖంగుమంది. ఒకే లోహం, ఒకే పాళ్ళు, రెండు గొంతులు. ఈ రెండు గొంతుల సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాను. రెండేళ్ళ తర్వాత ల్యాబ్ సమావేశంలో అదే లోహపు రేకును మడతలు మడతలుగా పెట్టి అందరికీ చూపిస్తుంటే, డేవిడ్ మజీ అనే ఆయన తన పైపు వెలిగించుకునే లైటర్ మంట దాని కింద పెట్టాడు. రేకు సాగి తిన్నగా అయిపోయింది. షేప్ మెమరీ, అంటే ఆకార జ్ఞాపకం, అన్న మాటకు ప్రపంచమంతా పేరు తెచ్చింది ఆ రేకే. నిజానికి బంగారం, కాడ్మియం కలిపిన లోహంలో ఈ గుణాన్ని 1951లోనే చాంగ్, రీడ్ అనే ఇద్దరు చూపించారు. కానీ బంగారంతో తీగలు లాగి వ్యాపారం ఎవరు చేస్తారు?

లోహానికి జ్ఞాపకం ఎక్కడుంటుంది? నా ముప్పై ఏళ్ళ పని ఈ ఒక్క ప్రశ్న చుట్టూ తిరిగింది. చాలామంది తీగ లోపల ఏదో స్ప్రింగులాంటి బలం దాగి ఉంటుందనుకుంటారు. నేను ఈ సాయంత్రం మీకు చెప్పాలనుకున్నది వేరు. ఆ జ్ఞాపకం లోహం లోపలి మడతల్లో ఉంది. వేడి తగ్గినప్పుడు స్ఫటికం, అంటే అణువులు వరసగా పేర్చుకున్న లోహపు ముక్క, తనలో తాను అతికి ఉండటం కోసం సన్నసన్నటి గీతలుగా మడత పడుతుంది. ఈ గీతల తీరునే మేం సూక్ష్మనిర్మాణం అంటాం. ఆ గీతలు ఎందుకు పడతాయో తెలిస్తే ఈ తీగ సంగతి అంతా తెలిసినట్టే.

మొదటి నుంచి చూద్దాం. వేడిగా ఉన్నప్పుడు ఈ లోహంలో అణువులు ఘనాకారంలో, అంటే పాచికల్లా చతురస్రంగా పేర్చి ఉంటాయి. ఆ స్థితి పేరు ఆస్టెనైట్. చల్లబడితే ఆ పాచిక ఒక పక్కకు ఒరుగుతుంది. ఒరిగిన స్థితి పేరు మార్టెన్‌సైట్. రెండు పేర్లూ మనుషులవే, రాబర్ట్స్-ఆస్టెన్ ఇంగ్లండువాడు, మార్టెన్స్ జర్మన్. ఈ ఒరగడంలో ఏ అణువూ తన పక్కవాణ్ణి వదిలి పోదు. మామూలుగా లోహాల్లో మార్పు అంటే బస్సు రాగానే చెదిరే జనంలా ఎటువాళ్ళు అటు కదులుతారు. ఇక్కడ అలా కాదు. కవాతులో వరస మొత్తం ఒకేసారి ఒక అడుగు పక్కకు వేసినట్టు కదులుతుంది, అదీ అణువుల మధ్య దూరంలో చిన్న భిన్నం అంత. మా శాస్త్రంలోనూ దీన్ని సైనిక మార్పు అనే అంటారు. పొరుగు మారలేదు కాబట్టే వెనక్కి రావడానికి దారి ఉంది.

ఇప్పుడు అసలు చిక్కు. పాచిక ఒరగాలి సరే, ఎటు ఒరగాలి?

మన పల్లెల్లో కీళ్ళు వదులైన పాత మంచం ఉంటుంది చూడండి. తల దగ్గర పట్టుకుని తోస్తే ఎడమకు ఒరుగుతుంది, కుడికీ ఒరుగుతుంది. రెండూ సమానమే, దానికి ఎటూ పక్షపాతం లేదు. పాచికకు ఇంకా ఎక్కువ దిక్కులున్నాయి. ఘనం ఒక దిశలో సాగి నిలువు పెట్టెలా మారే లోహాల్లో మూడు రకాలుగా మారవచ్చు. ఇటుకలా మూడు వైపులా మూడు కొలతలు వచ్చే రాగి, అల్యూమినియం, నికెల్ మిశ్రమంలో ఆరు రకాలు. మన నిటినాల్‌లో పెట్టె ఏటవాలుగా కూడా ఒరుగుతుంది కాబట్టి పన్నెండు. ఈ రకాలను వేరియంట్లు అంటాం. ఘనాన్ని తిప్పితే మళ్ళీ అదే ఘనంలా కనిపించే విధాలు 24. ఒరిగిన పెట్టెకు అలాంటివి రెండే. 24ని రెండుతో భాగిస్తే పన్నెండు. చిన్న భాగహారమే, కానీ మిగతా కథ అంతా దీని మీదే నడుస్తుంది.

అన్నీ ఒకే వైపు ఒరిగితే ఏమవుతుంది? మంచాలు ఒకదాని మీద ఒకటి వంద పేర్చారనుకోండి. అన్నీ ఎడమకు ఒరిగితే పైనున్న మంచం ఎక్కడికో జరిగిపోతుంది, గోడను గుద్దుతుంది. లోహంలో చుట్టూ గోడలే. ఒక్కో స్ఫటికం చుట్టూ వేరే స్ఫటికాలు బిగుసుకుని ఉంటాయి, జరిగే చోటు లేదు. అదే ఒకటి ఎడమకు, ఒకటి కుడికి ఒరిగితే? ప్రతి మంచం ఒరిగింది, దొంతర మాత్రం నిటారుగానే ఉంది! తిరుమల ఘాట్ రోడ్డులో బస్సు ఎప్పుడూ తిన్నగా కొండ మీదికి పోదు. కాసేపు ఇటు, కాసేపు అటు. అయినా చివరికి చేరేది పైకే. మార్టెన్‌సైట్ కూడా అంతే. లోపల ప్రతి పొర ఒరిగే ఉంటుంది, మొత్తం మీద తీగ ఆకారం మారదు. అందుకే వేడినీళ్ళలోంచి తీసి చల్లార్చినా ఈ తీగ ఇలా పుల్లలాగే ఉంది. లోపల పెద్ద మార్పే జరిగింది, బయటికి ఏమీ తెలియలేదు.

ఎడమ పొర, కుడి పొర కలిసేచోట ఒక సన్నటి తలం ఉంటుంది. అద్దానికి ఇటూ అటూ బొమ్మల్లా రెండు పక్కలా ఒకే రూపు ఉంటుంది, దిక్కే వేరు. అందుకే వీటికి కవలలని పేరు. ఆ తలంలో ఉన్న అణువులు ఇద్దరికీ ఉమ్మడి. ఒక్క బంధమూ తెగదు. ఉమ్మడి గోడ ఉన్న రెండిళ్ళలా అనుకోండి, తగాదా లేని ఇళ్ళు.

ఇంకో చిక్కు ఉంది, నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే. లోహం ఒక్కసారిగా మొత్తం మారిపోదు. ఒక మూల మార్టెన్‌సైట్ మొదలై జరుగుతూ వస్తుంది. అంటే మధ్యలో ఒక సరిహద్దు ఉంటుంది. అటు చతురస్రపు పాచికలు, ఇటు ఒరిగిన పెట్టెలు. ఈ రెండూ అతకాలి. ఒకే వేరియంట్ అయితే అతకదు, కొలతలు కలవవు. ఏం చేస్తుంది?

ఇది మన అమ్మలకు తెలిసిన లెక్కే. పానగల్ పార్కు దగ్గర పట్టు కొట్ల నిండా చిన్నపిల్లల పరికిణీలు వేలాడుతుంటాయి. నడుము పట్టీ ఇరవై అంగుళాలు, కింద గుడ్డ మూడు గజాలు. ఎలా కుడతారు? కుచ్చిళ్ళు పెడతారు. పట్టీ దగ్గర కుచ్చిళ్ళు సన్నగా, దగ్గర దగ్గరగా ఉంటాయి. కిందికి వచ్చేకొద్దీ రెండు మూడు కుచ్చిళ్ళు కలిసిపోయి వెడల్పాటి మడతలవుతాయి. లోహంలో పట్టీ ఆస్టెనైట్, గుడ్డ మార్టెన్‌సైట్. రెండు వేరియంట్లు ఒక నిర్ణీత పాళ్ళలో, సన్నటి పొరలుగా మారి మారి వస్తాయి. ఆ కుచ్చిళ్ళ సగటు కొలత పట్టీ కొలతతో సరిపోతుంది. మైక్రోస్కోపులో చూస్తే నిజంగానే సరిహద్దు దగ్గర గీతలు చీలి చీలి సన్నబడతాయి, దూరంగా పోయేకొద్దీ కలిసి లావవుతాయి. దీని వెనక గణితాన్ని 1990ల్లో కోన్, ముల్లర్ అనే ఇద్దరు రాబట్టారు. గీత వెడల్పు సరిహద్దు నుంచి దూరంతో పాటు పెరిగే తీరు కూడా చెప్పారు.

కుచ్చిళ్ళు ఎంత సన్నగా ఉండాలి? అతుకు కోణంలో చూస్తే ఎంత సన్నగా ఉంటే అంత మంచిది, సరిహద్దులో మిగిలే లాగుడు అంత తగ్గుతుంది. కానీ ప్రతి కవల గోడకూ కొంత శక్తి ఖర్చవుతుంది. గోడలు పెరిగితే ఖర్చు పెరుగుతుంది. ఈ రెండింటి మధ్య బేరం కుదిరేచోట గీతలు ఆగుతాయి. రాగి, అల్యూమినియం, నికెల్ మిశ్రమంలో అది కొన్ని మైక్రాన్లు కావచ్చు, నిటినాల్‌లో కొన్ని నానోమీటర్ల దాకా దిగవచ్చు. గోడల ఖర్చు వదిలేసి లెక్క వేస్తే చిత్రం చూడండి. సన్నబరిచేకొద్దీ శక్తి తగ్గుతూనే ఉంటుంది, కానీ 'ఇదే అన్నిటికంటే తక్కువ' అనే చివరి మెట్టు దొరకదు. ఎన్ని మెట్లు దిగినా ఇంకో మెట్టు ఉంటుంది. 1987లో జాన్ బాల్, రిచర్డ్ జేమ్స్ ఈ చివరి మెట్టు లేకపోవడంలోనే సూక్ష్మనిర్మాణం పుట్టుక ఉందని చూపించారు. నేను చదువుకునే రోజుల్లో ఆ వ్యాసం జిరాక్సు కాపీ చేతికొచ్చినప్పుడు, అర్థమైనంత మేరకే అయినా, ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఏళ్ళ తరబడి మేం ఫొటోలు తీసి పేర్లు పెట్టుకున్న గీతలకు ఎవరో కారణం చెప్పారు!

పాళ్ళు, తలం, కోణం, ఇవన్నీ ముందే లెక్క కట్టవచ్చని 1953లోనే వెక్స్లర్, లీబర్మన్, రీడ్ చెప్పారు. ఎక్స్-రేతో పాచిక కొలత, పెట్టె కొలత తీసుకుంటే చాలు, గీతలు ఏ దిక్కున పడతాయో కాగితం మీద వచ్చేస్తుంది. బాల్, జేమ్స్ దారిని తర్వాత బాగా ముందుకు తీసుకుపోయినవాళ్ళలో కౌశిక్ భట్టాచార్య ఒకరు. ఆయన మన గిండీలోనే, ఐఐటీ మద్రాసులో 1986లో బీటెక్ చదివి వెళ్ళినవారు. చల్లబడ్డాక కూడా తీగ ఆకారం మారకుండా ఉండాలంటే ఘనపరిమాణం మారకూడదని తేల్చింది ఆయనే. నిటినాల్‌లో ఆ మార్పు అర శాతం లోపే. ఘనపరిమాణం ఎక్కువ మారితే కుచ్చిళ్ళు ఎన్ని పెట్టినా సరిపోదు.

ఇక్కడ నా సొంత సంగతి ఒకటి చెప్పాలి. పరిశోధన మొదలుపెట్టిన ఏడాది, మే నెల. రాగి, అల్యూమినియం, నికెల్ స్ఫటికం ఒకటి, చిటికెన వేలి గోరంత, నాకు ఇచ్చారు. ఎమరీ కాగితం మీద మొదలుపెట్టి, అల్యూమినా పొడి నీళ్ళలో కలిపి గుడ్డ మీద రుద్ది రుద్ది, మూడు రోజులకు అద్దంలా తెచ్చాను. అందులో నా కనురెప్పలు కనబడ్డాయి. ఏసీ గదిలో పెట్టి తాళం వేసి వెళ్ళాను. తెల్లారి వచ్చి చూస్తే అద్దం మీద గీతలు! ఒకే దిక్కుగా, దువ్వెనతో గీసినట్టు. ఎవరో ముట్టుకుని గీకేశారనుకున్నాను. పక్క టేబులు మిత్రుణ్ణి నిలదీశాను, నోరు జారాను కూడా. అతను పాపం ఏమీ అనలేదు. సరే, ఎంత పాడైందో చూద్దామని మైక్రోస్కోపు కింద పెట్టి లైటు పెంచాను. లోపల ఇంకా సన్నటి గీతలు, గీతల మధ్య గీతలు, ఇంటి కప్పు పెంకుల్లా ఎగుడుదిగుడుగా. చూస్తుండగానే ఒక అంచు నుంచి గీతలు చెరిగిపోవడం మొదలైంది. తెర జరిపినట్టు ఒక తిన్నటి రేఖ కదులుతూ వచ్చింది, దాని వెనక అంతా మళ్ళీ నున్నటి అద్దం. కళ్ళు తీసి చూశాను. హాలోజన్ దీపం వేడికి స్ఫటికం వెచ్చబడింది, అంతే.

మధ్యాహ్నం చెన్నై ఎండలో నేను పాలిష్ చేసింది ఆస్టెనైట్‌ని. రాత్రి ఏసీ చలికి అది మార్టెన్‌సైట్ అయింది. ఒరిగిన ప్రతి పొరా పైతలాన్ని కొంచెం వంచింది, అవే ఆ గీతలు. వేడికి అన్నీ లేచి నిలబడ్డాయి. నా మూడు రోజుల పాలిష్ ఎక్కడికీ పోలేదు! మిత్రుణ్ణి పిలిచి చూపించాను, చేతులు పట్టుకుని క్షమించమన్నాను. ఆ మధ్యాహ్నం ఇద్దరం మెస్‌కి కూడా వెళ్ళకుండా లైటు పెంచుతూ తగ్గిస్తూ కూర్చున్నాం.

ఇప్పుడు పాప వంచిన తీగ దగ్గరికి వద్దాం. వంచినప్పుడు లోపల ఏమైంది? మామూలు స్టీలు తీగను మీటరు పొడవున్నదాన్ని ఒకటి రెండు మిల్లీమీటర్లకు మించి లాగితే అణువులు పొరుగు వదిలి జారతాయి, ఇక తిరిగి రావు. నిటినాల్‌లో అలా జారే అవసరం రాలేదు. ఎడమకు ఒరిగిన పొరలు, కుడికి ఒరిగిన పొరలు ఉన్నాయి కదా. లాగిన దిక్కుకు అనుకూలమైనవి పెరుగుతాయి, మిగతావి తరుగుతాయి, కవల గోడలు పక్కకు జరుగుతాయి. అంతే జరిగింది. కుచ్చిళ్ళు విప్పినట్టు. మీటరు తీగ ఆరేడు సెంటీమీటర్లు సాగినా ఎవరి పొరుగూ మారదు.

వేడి చేస్తే? మార్టెన్‌సైట్‌కి పన్నెండు రూపాలున్నాయి, ఆస్టెనైట్‌కి ఒక్కటే. పన్నెండు దారుల్లో ఏ దారిన వెళ్ళినవాడైనా ఇంటికి రావాల్సింది ఆ ఒక్క గుమ్మంలోంచే. తీగకు గుర్తున్నది ఆ గుమ్మం. ఇందాక బ్యూలర్ విన్న రెండు గొంతులూ ఇవే. చల్లటి కడ్డీలో లక్షల కవల గోడలు దెబ్బ పడగానే అటూఇటూ జరిగి శబ్దాన్ని మింగేస్తాయి. వేడి కడ్డీలో గోడలే లేవు, అందుకే గంటలా మోగింది.

ఉక్కులోనూ మార్టెన్‌సైట్ ఉంది కదా, అది ఎందుకు గుర్తుపెట్టుకోదని మీరు అడగవచ్చు. మార్టెన్‌సైట్ అన్న పేరు మొదట వచ్చిందే ఉక్కుకి, 1895లో. కమ్మరి కొడవలిని కొలిమిలో ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచినప్పుడు పుట్టేది అదే. కానీ అక్కడ ఘనపరిమాణం బాగా మారుతుంది, మధ్యలో కార్బన్ ఇరుక్కుంటుంది. కుచ్చిళ్ళతో సర్దుకోలేక గుడ్డ చిరుగుతుంది, అంటే అణువుల వరసలు తెగి జారతాయి. ఆ చిరుగులూ, ఇరుక్కున్న కార్బనూ కలిసి కొడవలికి గట్టిదనం ఇస్తాయి. పని చాలా మంచిదే, వెనక్కి దారి మాత్రం మూసుకుపోతుంది.

నిటినాల్‌కి కూడా ఈ ఇబ్బంది కొంచెం ఉంది. కుచ్చిళ్ళ అతుకు సగటు మీద కుదిరిందే, గీత గీతకూ కుదిరింది కాదు. సరిహద్దు కదిలిన ప్రతిసారీ అక్కడక్కడా చిన్న చిరుగులు పడతాయి. వేల సార్లు వేడి చేసి చల్లారిస్తే మారే ఉష్ణోగ్రత జరిగిపోతుంది, తీగ అలిసిపోతుంది. రక్తనాళంలో పెట్టే స్టెంట్‌నో, విమానంలో పెట్టే భాగాన్నో తయారుచేసేవాళ్ళకు టెన్షన్ అంతా ఈ అలసట గురించే.

మరి కుచ్చిళ్ళు అవసరమే లేకుండా అతికే గుడ్డ నేయలేమా? పాచిక పెట్టెగా మారేటప్పుడు ఒక దిశలో సాగుతుంది, ఒక దిశలో కుదించుకుంటుంది, మూడో దిశ మధ్యస్థంగా ఉంటుంది. ఆ మధ్య దిశలో మార్పు సరిగ్గా సున్నా అయితే, ఒకే వేరియంట్ నేరుగా ఆస్టెనైట్‌తో అతికే తలం ఒకటి దొరుకుతుంది. గణితం చెప్పేది ఇంతే. మూలకాల పాళ్ళు మార్చి మార్చి ఆ సున్నాను పట్టుకోవాలి. నికెల్, టైటానియంలో పల్లాడియం తగు పాళ్ళలో కలిపితే దాని దగ్గరికి వస్తుంది. వేడెక్కేటప్పుడు మారే ఉష్ణోగ్రతకూ, చల్లబడేటప్పుడు మారే ఉష్ణోగ్రతకూ మధ్య తేడా బాగా పడిపోతుంది. 2013లో జేమ్స్ బృందం జింకు 45, బంగారం 30, రాగి 25 పాళ్ళలో ఒక మిశ్రమం చేసింది. అందులో ఈ షరతుతో పాటు మరి కొన్ని కఠినమైన షరతులు కూడా దాదాపు తీరాయి. పదహారు వేల సార్లకు పైగా అటూఇటూ మార్చినా మారే ఉష్ణోగ్రత దాదాపు చెక్కుచెదరలేదు. ఇంకో వింత ఏమిటంటే, ప్రతిసారీ లోపలి గీతల తీరు కొత్తగా వచ్చింది. నది పాయల్లా ఒంపులు తిరుగుతూ, కిందటిసారికి పోలికే లేకుండా. మామూలు మిశ్రమాల్లో పాత చిరుగుల వెంట మళ్ళీ మళ్ళీ అవే గీతలు పడతాయి. ఇక్కడ చిరుగులు దాదాపు లేవు, కాబట్టి గీతలకు ఎటు కావాలంటే అటు పోయే స్వేచ్ఛ దొరికింది. ఆ ఫొటోలు మొదటిసారి చూసినప్పుడు నాకు పాలిష్ చేసిన ఆ స్ఫటికమే గుర్తొచ్చింది.

వాడకాల గురించి ఎక్కువ చెప్పను, అవి మీకు తెలిసినవే. పళ్ళ వరస సరిచేయడానికి డెంటిస్టు వేసే తీగ, స్టెంటు, వంచినా పాడవని కళ్ళజోడు ఫ్రేము. పాప వంచిన తీగలా కాకుండా, ఇవి వాడే వేడిలో ఆస్టెనైట్‌గానే ఉంటాయి. కాబట్టి వీటిలో మార్పును నడిపేది వేడి కాదు, ఒత్తిడి. వంచితే మార్టెన్‌సైట్ పుడుతుంది, వదిలితే పోతుంది. నికెల్ పాళ్ళలో శాతంలో పదో వంతు తేడా వచ్చినా మారే ఉష్ణోగ్రత పది డిగ్రీలకు అటూఇటుగా జరుగుతుంది. కాబట్టి ఒంటి వేడి 37 డిగ్రీలకు తగ్గట్టు కరిగించి పోయడం చాలా ఓపిక కావాల్సిన పని. ఆ పని చేసేవాళ్ళంటే నాకు చాలా గౌరవం.

మాటలు ఇక చాలు. బల్ల మీద చిన్న మైక్రోస్కోపు పెట్టాను. దాని కింద రాగి, అల్యూమినియం, నికెల్ స్ఫటికం ఉంది. పక్కన ఐస్ గడ్డ ఒకటి, పాప జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యర్ లాంటిది ఒకటి. ఐస్ ఆనిస్తే గీతలు పరుగెత్తుకుంటూ వస్తాయి, గాలి కొడితే పోతాయి. సరిహద్దు దగ్గర మాత్రం కన్ను తిప్పకండి, కుచ్చిళ్ళు అక్కడే ఉంటాయి. పిల్లలు ముందు రండి. ఫ్లాస్కులో నీళ్ళు ఇంకా వేడిగానే ఉన్నాయి, తీగ కావలసినవాళ్ళు అది కూడా వంచి చూడవచ్చు.